వరద తెచ్చిన ధ్వజస్తంభం

గోదావరికి వరదొస్తోందంటే లంకవాసుల గుండెలు గుభేలుమంటాయి. కానీ ఆ వరదే తమ గుడికి ధ్వజస్తంభాన్ని మోసుకొచ్చిందని మురిసిపోయే ఊరు ఒకటుంది. అదే అప్పనపల్లి. కోనసీమ జిల్లా మామిడికుదురు మండలంలో, వైనతేయ గోదావరి ఒడ్డున, కొబ్బరిచెట్ల నీడన ఉంటుందీ పల్లె. పూర్వం అప్పన అనే ముని ఇక్కడ తపస్సు చేయడం వల్ల ఆ పేరు వచ్చిందంటారు.

ఈ ఊరి గుడి కథలో రాజులూ జమీందార్లూ కనిపించరు. ఉన్నదల్లా ఓ కొబ్బరి వ్యాపారి. ఆయనే మొల్లేటి రామస్వామి. వ్యాపారంలో వచ్చిన లాభంలో వేంకటేశ్వరుడికి వాటా తీసి పక్కన పెట్టేవాడట. ఆయన కట్టించిన చిన్న గుడే బాలబాలాజీ ఆలయమైంది. ధ్వజస్తంభానికి కలప కోసం ఆయన రంపచోడవరం అడవులకు వెళ్లి ఓ మానును చూశాడనీ, ధర అందక ఉత్తచేతులతో తిరిగొచ్చాడనీ, ఆ తరవాత వచ్చిన వరదలో అదే మాను కొట్టుకొచ్చి అప్పనపల్లి రేవులో ఆగిందనీ చెబుతారు. భక్తుల రద్దీ పెరగడంతో నది ఒడ్డునే కొత్త ఆలయం కట్టారు. 1991 మార్చిలో అక్కడ ప్రతిష్ఠ జరిగింది. దర్శనమయ్యాక భక్తులు అన్నదాన సత్రంలో బంతిభోజనానికి కూర్చుంటారు.

అన్నం పెట్టడం ఈ సీమకు కొత్తేం కాదు. పైకి వెళ్తే పి.గన్నవరం మండలంలోని లంకల గన్నవరం వస్తుంది. ఏ వేళ ఎవరొచ్చినా ఆకలి తీర్చిన డొక్కా సీతమ్మ (1841-1909) మెట్టినిల్లు అదే. వైనతేయ మీదుగా కాలవ నీటిని దాటించే అక్విడెక్టును ఇక్కడ 1850ల్లోనే కట్టారు. తరవాత పక్కనే కట్టిన కొత్తదానికి సీతమ్మ పేరు పెట్టారు. అంబాజీపేటకు వెళ్తే కొబ్బరి మార్కెట్‌ చూడొచ్చు. ఆ దగ్గర్లోని మొసలపల్లి జగ్గన్నతోటలో కనుమ నాడు ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలమీద అక్కడికి తరలివస్తారు. మామిడికుదురు మండలంలోనే ఉన్న ఆదుర్రులో బౌద్ధస్తూపం శిథిలాలున్నాయి. ఇంకా పడమటికి వెళ్తే దిండి రిసార్టులూ, వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేదీ వస్తాయి. అంతర్వేది నరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోతే, 2021లో కొత్త రథాన్ని సిద్ధం చేశారు.

ఈ పచ్చదనం వెనక కష్టాలూ ఉన్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్‌ బావి అంటుకుని 65 రోజులపాటు మండింది. మరుసటి ఏడాది నవంబరు 6న వచ్చిన తుపాను కొబ్బరితోటల్ని నేలకూల్చింది. 2014 జూన్‌ 27న నగరంలో గ్యాస్‌ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇక వరద సరేసరి. నీరు పెరిగితే మునిగే అప్పనపల్లి కాజ్‌వే 2022 జులైలోనూ మునిగింది. కాజ్‌వే మునిగితే భక్తుల రాకే కాదు, ఊరివాళ్ల రాకపోకలూ కష్టమే. అయినా నీరు తీశాక ఇళ్లు కడుక్కుని, తోటల్లో మేట వేసిన ఒండ్రును సర్దుకుని మళ్లీ పనిలో పడతారు. ధ్వజస్తంభం ఇచ్చిందీ, కాజ్‌వేని ముంచేదీ ఒకటే నది. ఆ నదితో వాళ్లది విడిపోని కాపురం!

అమలాపురం నుంచి బోడసకుర్రు వంతెన దాటి పాశర్లపూడి, మామిడికుదురు మీదుగా అప్పనపల్లి చేరుకోవచ్చు. శీతకాలమైతే చుట్టుపక్కలన్నీ హాయిగా చూసి రావచ్చు. వానాకాలంలో మాత్రం గోదావరి ఎలా ఉందో కనుక్కుని బయల్దేరడం మంచిది.