పరుగెత్తి పాలు తాగాలంటే

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దల మాట. ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీలో ఆ సామెతను అక్షరాలా పాటించేది 741 ఆప్-ఆంప్. 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ విడుదల చేసిన ఈ ఎనిమిది కాళ్ల ప్రాణి ఎంత సాధువో మిత్రులందరికీ తెలిసిందే. తీగలు జానెడు పొడుగున్నా, బ్రెడ్‌బోర్డు వదులైనా పల్లెత్తు మాట అనదు. అయితే కొన్ని పనులు నిలబడి చేసేవి కావు. అలాంటి పనొకటి మా బ్యాచ్ నెత్తిన పడింది.

నాది బడంగ్‌పేట్. 2020 అక్టోబరు వానలకు మా పక్కనున్న బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. దిగువ బస్తీలు మునిగాయి. చెరువు నిండుగా కనబడుతుంది సరే, అందులో నీరెంత, పూడిక ఎంత? కట్ట మీద నిలబడి చూస్తే తెలియదు. అందుకని ఫైనలియర్ ప్రాజెక్టుగా నీటి లోతు కొలిచే పరికరం చేద్దామని నలుగురం అనుకున్నాం. సూత్రం సులువే. 200 కిలోహెర్ట్జ్ ధ్వనిని నీళ్లలోకి వదలాలి, అడుగు తాకి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకోవాలి. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది గనుక, 3 మీటర్ల లోతుకు వెళ్లి రావడానికి 4 మిల్లీసెకన్లు. తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం మహా నీరసంగా ఉంటుంది. దాన్ని పెంచాలి.

ఇక్కడే 741 చేతులెత్తేస్తుంది. దాని గెయిన్-బ్యాండ్‌విడ్త్ సుమారు 1 మెగాహెర్ట్జ్. అంటే 200 కిలోహెర్ట్జ్ దగ్గర అయిదు రెట్లకు మించి పెంచలేదు. పైగా దాని స్లూ రేటు, అనగా అవుట్‌పుట్ వోల్టేజి మారగల వేగం, మైక్రోసెకనుకు అర వోల్టు. అదే ఫ్రీక్వెన్సీలో 10 వోల్టుల శిఖరం ఉన్న సైన్ తరంగానికి దాదాపు 12.6 వోల్టుల వేగం కావాలి. ఎడ్లబండినెక్కి ఎక్స్‌ప్రెస్ రైలును అందుకున్నట్టే! గుండ్రటి సైన్ తరంగం కాస్తా చిన్న త్రికోణమై బయటికొస్తుంది.

కనుక ఎల్‌ఎమ్ 318 తెచ్చాం. 15 మెగాహెర్ట్జ్, మైక్రోసెకనుకు కనీసం 50 వోల్టులు. ముఖ్యమైన కాళ్ల వరస 741దే. తేడా కళ్లారా చూద్దామని అదే బ్రెడ్‌బోర్డు మీద దాన్ని తీసి దీన్ని గుచ్చాం. ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకుండానే ఆసిలోస్కోపు తెర మీద మెగాహెర్ట్జ్ తాండవం మొదలైంది. "చిప్పు సచ్చినట్టుందిరా!" అన్నాడు మా వాడొకడు. మా సారు నవ్వి, "సచ్చుడు కాదయ్యా, మరీ హుషారుగ ఉంది. మీ బొమ్మల లేనిది బోర్డు మీద ఏమున్నదో చూడుండ్రి" అన్నారు.

నాలుగేళ్ల చదువులో నేను విన్న గొప్ప పాఠం ఆ ఒక్క వాక్యమే. బొమ్మలో గీత అంటే గీతే. బోర్డు మీద ఆ గీతకు ప్రతి మిల్లీమీటరుకూ సుమారు ఒక నానోహెన్రీ ఇండక్టెన్సు. బ్రెడ్‌బోర్డులో పక్కపక్క వరసల మధ్య రెండు మూడు పికోఫారడ్ల కెపాసిటెన్సు. నిదానపు చిప్పుకు ఇవి కనబడవు. వేగం గలదానికి అన్నీ కనబడతాయి. ఊగే ఉయ్యాలను ఆపాలంటే ఎదురు తోయాలి గదా. చెయ్యి ఆలస్యమైతే ఆ తోపే ఊపై కూర్చుంటుంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ సంగతీ అంతే. 100 కిలోఓముల రెసిస్టర్ల జంటకు 5 పికోఫారడ్లు తోడైతే 640 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆ ఆలస్యం మొదలు. 1 కిలోఓము జంటకైతే 64 మెగాహెర్ట్జ్ దాకా బెడద లేదు.

మందు కూడా అందులోనే ఉంది. రాగి రేకు బోర్డు తెచ్చి, ఒక వైపంతా గ్రౌండుగా వదిలాం. సప్లయి కాళ్లను ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు, చిన్న రెసిస్టర్లు, ఫీడ్‌బ్యాక్ మీద 5 పికోఫారడ్లు, కేబుల్‌కు ముందు 47 ఓములు. తాండవం ఆగింది.

ఇదంతా ఎందుకంటారా? ఆ తాండవం ఆగకుండా పరికరం చెరువుకు వెళితే, లేని ప్రతిధ్వనిని ఉన్నట్టు చూపిస్తుంది. నాలుగు మీటర్ల నీటిని ఒక మీటరంటుంది. ఆ అంకెను నమ్మి కట్ట కింద ఎవరో నిద్రపోతారు. మార్కులు పోవడం వేరు, ఇది వేరు.

హైదరాబాదుకు ఈ విద్య కొత్తది కాదు. 1967లో ఇక్కడ ఇ.సి.ఐ.ఎల్. స్థాపనకు సారథ్యం వహించిన డాక్టర్ ఏ.ఎస్. రావు అంతకుముందు ట్రాంబేలో అణు పరికరాల ఎలక్ట్రానిక్స్‌ను నడిపినవారే. రెప్పపాటు కూడా నిలవని పల్సులను పట్టడమే ఆ రంగంలో పని. ఇప్పుడు మైక్రోసెకనుకు వేల వోల్టుల చిప్పులు కూడా దొరుకుతున్నాయి. దొరికాయి గదా అని వాడవద్దని నా మనవి. పనికి ఎంత వేగం కావాలో లెక్కగట్టి, అంతకు కాస్త ఎక్కువ తీసుకుంటే చాలు. అక్కరలేని వేగానికి కూడా కాపలా మనమే కాయాలి.

మా పరికరానికి తొలి పరీక్ష మా ఇంటి సంపులో జరిగింది. "తాగే నీళ్లల్ల గీ వైర్లేంది బిడ్డా" అని అమ్మ కేకలేస్తుండగానే 6 అడుగుల నీటికి 2.4 మిల్లీసెకన్ల దగ్గర ప్రతిధ్వని నిటారుగా లేచింది. చెరువు దాకా వెళ్లకముందే మా చదువు ముగుస్తోంది. బోర్డు, బొమ్మ డిపార్ట్‌మెంటులో అప్పజెప్పి పోతున్నాం. తరవాతి బ్యాచ్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ! పరుగెత్తి పాలు తాగండి, తప్పులేదు. గ్లాసు ఒలకకుండా పట్టుకోవడం మాత్రం ముందు నేర్చుకోండి. వానాకాలం లోపల ఒకసారి చెరువుకు వెళ్లి రండి.