నాయకుణ్ణి తొలగిస్తే అభిమాని గుండెకు ఏమవుతుంది?

2021 మే 1వ తేదీన సన్‌రైజర్స్ హైదరాబాద్ యాజమాన్యం ఒక చిన్న ప్రకటన వెలువరించింది. డేవిడ్ వార్నర్‌కు బదులుగా ఇకపై కేన్ విలియమ్సన్ జట్టుకు నాయకత్వం వహిస్తాడనీ, మరునాటి మ్యాచ్‌కు విదేశీ ఆటగాళ్ల కూర్పు కూడా మారుతుందనీ అందులో ఉన్నది. మరునాడు ఢిల్లీలో రాజస్థాన్ రాయల్స్‌తో ఆట. తుది జట్టులో వార్నర్ పేరే లేదు. 2016లో హైదరాబాదుకు కప్పు తెచ్చిపెట్టిన నాయకుడు ఆ రోజు తోటి ఆటగాళ్లకు నీళ్ల సీసాలు అందిస్తూ కనిపించాడు. జట్టు 55 పరుగుల తేడాతో ఓడింది. మరి రెండు రోజులకు, ఆటగాళ్లలోనే కోవిడ్ బయటపడటంతో, ఐపీఎల్ మొత్తం నిలిచిపోయింది.

ఆరోగ్య విషయాలు వ్రాసుకొనే ఈ చోట క్రికెట్ ప్రస్తావన ఏమిటని పాఠక మిత్రులు అడుగవచ్చు. నాకు ఆటలో పెద్ద ప్రవేశం లేదు. గూగ్లీకీ దూస్రాకూ తేడా ఇప్పటికీ సరిగా చెప్పలేను. అయితే ఆ రెండు మూడు దినాలలో మా పానగల్‌లో నేను చూసినది వైద్యశాస్త్రానికి సంబంధించిన విషయమే.

వార్నర్ ఇక్కడివారికి కేవలం ఒక ఆస్ట్రేలియా ఆటగాడు కాడు. 2014లో జట్టులో చేరాడు, 2015లో నాయకుడయ్యాడు. 2016 మే 29న బెంగళూరులో, బెంగళూరు జట్టునే 8 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచిన సంవత్సరం అతడొక్కడే 848 పరుగులు చేశాడు. 2015, 2017, 2019 సంవత్సరాలలో అత్యధిక పరుగుల వీరునికిచ్చే ఆరెంజ్ క్యాప్ అతనిదే. వీటన్నిటికీ మించి, 2020లో లాక్‌డౌన్‌లో ఇళ్లలో బందీలమై ఉన్నప్పుడు, అతడు భార్యతో కలిసి ‘బుట్టబొమ్మ’ పాటకు నృత్యం చేసిన వీడియో ప్రతి ఫోనులోనూ తిరిగింది. తెలుగు రానివాడు తెలుగు పాటకు ఆడితే మనవాళ్లు అతణ్ణి చుట్టరికంలోకి తీసుకొన్నారు. పదేళ్ల పిల్లలు సైతం ‘వార్నరన్న’ అనడం విన్నాను.

కరోనా రెండవ తాకిడి ఉధృతంగా ఉన్న కాలమది. రాష్ట్రంలో ఏప్రిల్ 20 నుండి రాత్రి కర్ఫ్యూ అమలులో ఉన్నది. ఛాయా సోమేశ్వరాలయం దారిన ఎప్పుడూ కనిపించే పర్యాటకులు లేరు. ఉదయసముద్రం కట్టమీద నడకకు వచ్చేవారిలో సగం మంది మానుకొన్నారు, మిగిలినవారం ఒకరికొకరం దూరంగా నడిచేవాళ్లం. మే 3వ తేదీ ఉదయం, పాలకేంద్రం వద్ద నలుగురైదుగురు యువకులు మాస్కులు గడ్డం క్రిందికి లాగుకొని పెద్దగా వాదులాడుకొంటున్నారు. ఊళ్లో ఎవరికైనా ఆక్సిజన్ అవసరపడిందేమోనని ఆగాను. అది కాదు. ‘కప్పు తెచ్చిచ్చినోనితోటి నీళ్లసీసలు మోయిస్తరా సార్? గిదేం న్యాయం?’ అని వారిలో ఒకడు నన్నే నిలదీశాడు, ఆ నిర్ణయం నేనే చేసినట్లు. వాని కళ్లు ఎర్రబడి ఉన్నవి. రాత్రంతా నిద్రపోలేదట. ముందు మాస్కు సరిగా పెట్టుకొమ్మన్నాను.

అదే రోజు మధ్యాహ్నం ఒక పంతులుగారి నుండి ఫోను వచ్చింది. ఉపాధ్యాయునిగా పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది, వయస్సు డెబ్బైకి దగ్గర. మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్నవి. గుండెలో ఒక స్టెంటు. ఏప్రిల్‌లో ఆయన తమ్ముడు కోవిడ్‌తో మరణించాడు. అంత్యక్రియలకు వెళ్లనివ్వలేదు, ఫోనులోనే చూశాడు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు ఆయన గొంతు ఏ మాత్రం వణకలేదు, లెక్క అప్పజెప్పినట్లు చెప్పాడు. ఆనాడు మాత్రం వార్నర్ సంగతి మొదలుపెట్టి నాలుగు మాటలకే ఏడ్చేశాడు. ‘డాక్టర్ సాబ్, తీసేస్తే తీసేసిండ్రు. ఎందుకు తీసేసిండ్రో చెప్పొద్దా? ఏడేండ్లు పనిచేసిన మనిషి గద!’ అన్నాడు. ఏడుపు మధ్యలో, నిన్న ఆట చూస్తున్నప్పటి నుండి దవడ లాగుతున్నదనీ, చెమటలు పట్టినవనీ, గ్యాస్ అనుకొని సోడా తాగాననీ కూడా అన్నాడు.

దవడ అనగానే నేను క్రికెట్ సంభాషణ ఆపివేశాను. ఆస్పత్రికి పోతే కరోనా అంటుకొంటుందని ఆయన మొండికేశాడు. ఆ భయంలో అర్థం లేకపోలేదు, ఆ రోజులట్లాంటివి. అయినా మధుమేహ రోగులలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చునని, దవడనొప్పి, చెమట, ఆయాసం, కడుపులో మంట వంటి రూపాలలో అది దాగి ఉంటుందని వివరించి, వారి కోడలితో మాట్లాడి 108కి ఫోను చేయించాను. ఈసీజీలో మార్పులున్నవి. సమయానికి చేరినందున మందులతోనే గట్టెక్కి ఐదవ రోజున ఇంటికి వచ్చాడు.

ఆట చూడటం వలననే ఇది వచ్చిందని నేను చెప్పను. స్టెంటు వేయించుకొన్న మనిషి, అదుపులో లేని చక్కెర, తమ్ముని మరణం, నిద్రలేమి, వేసవి... కారణాలు అనేకం. అయితే ఆట కూడా ఒక కారణం కాగలదనడానికి ఆధారాలున్నవి. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతపు వైద్యులు అత్యవసర హృద్రోగ కేసులను లెక్కించారు. జర్మనీ జట్టు ఆడిన రోజులలో అవి మామూలు రోజులకంటే 2.66 రెట్లున్నవి. పురుషులలో 3 రెట్లు దాటినవి. అదివరకే గుండెజబ్బు ఉన్నవారిలో 4 రెట్లు. ఆట మొదలైన తరువాతి రెండు గంటలలోనే అత్యధికం. 1998 జూన్ 30న ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ పెనాల్టీలలో అర్జెంటీనా చేతిలో ఓడిపోయినప్పుడు, ఆ దినమూ తదుపరి రెండు దినాలూ ఇంగ్లండ్ ఆస్పత్రులలో గుండెపోటు చేరికలు నాలుగవ వంతు పెరిగినవి. అన్ని దేశాల అధ్యయనాలూ ఇదే మాట చెప్పలేదు, ఆ సంగతీ పాఠకులకు తెలియాలి. కెనడాలో మాంట్రియల్ వైద్యులు ఐస్ హాకీ ప్రేక్షకులు ఇరవైమంది నాడిని కొలిచి 2017లో ఫలితాలు ప్రకటించారు. టీవీలో చూసేవారికి నాడి వేగం సగటున 75 శాతం, మైదానంలో కూర్చున్నవారికి 110 శాతం పెరిగింది. రెండవది గట్టి వ్యాయామంతో సమానం. కుర్చీలో కూర్చొని, వేరుశనక్కాయలు నములుతూ!

లోపల జరిగేది ఇది. ఉద్వేగం కలిగినప్పుడు అడ్రినలిన్ వంటి రసాయనాలు రక్తంలోకి విడుదలవుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. హృదయ ధమనులు కొంత సంకోచించవచ్చు. రక్తఫలకికలు అంటుకొనే గుణం హెచ్చుతుంది. ధమని గోడలో క్రొవ్వు పేరుకొని ఉన్నచోట పైపొర చిట్లితే అక్కడ గడ్డ కడుతుంది. ఆరోగ్యవంతునికి ఇది ఆట ముగిసిన కొంతసేపటికి సర్దుకొంటుంది. పంతులుగారి వంటివారికి సర్దుకోకపోవచ్చు.

కాని, ఎక్కడి వార్నర్, ఎక్కడి పానగల్? ఆ కష్టం మనదెందుకు అవుతున్నది? 1976లో అమెరికాలో రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త కళాశాల విద్యార్థులను పరిశీలించాడు. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే వారు ‘మేము గెలిచాం’ అన్నారు, ఓడినప్పుడు ‘వాళ్లు ఓడారు’ అనడానికి మొగ్గు చూపారు. అది తేలికపాటి అభిమానం. గాఢమైన అభిమాని ఓడినా ‘మేము’ అనే అంటాడు, ఆ సౌకర్యం అతనికి లేదు. అందుచేత నాయకుణ్ణి తొలగిస్తే తన ఇంటి పెద్దను తనకు చెప్పకుండా పంపివేసినట్లు తోస్తుంది. జట్టు పేరులో హైదరాబాదు ఉన్నా ఆస్తి మాత్రం చెన్నైకి చెందిన సన్ టీవీ సంస్థది. అమెరికా, కెనడా దేశాల ఐస్ హాకీలోనూ ఇంతే. అక్కడ ఎవరిని తీసుకోవాలో ఎవరిని వదలాలో చూసేవాణ్ణి జనరల్ మేనేజర్ అంటారు. సీజన్ నడుమ ఒక ఉదయం అతణ్ణి తీసివేశారని వార్త వస్తుంది, లక్షలమంది ఆగ్రహిస్తారు. వారిలో ఒక్కరికీ ఆ నిర్ణయంలో ఓటు ఉండదు.

యాజమాన్యం పక్షమూ చూడాలి. ఆ సంవత్సరం అప్పటికి ఆరు ఆటలలో జట్టు గెలిచింది ఒక్కటే. వార్నర్ చేసినవి 193 పరుగులు, అవీ అతని మునుపటి వేగంతో కాదు. విలియమ్సన్ పరాయివాడూ కాడు. 2018లో వార్నర్ నిషేధంలో ఉన్నప్పుడు జట్టును ఫైనల్‌కు చేర్చి, 735 పరుగులు చేసినవాడు. మార్చే హక్కు వారికున్నది. తగిన కారణం చెప్పలేదన్నదే అభిమానుల బాధ, తనకూ చెప్పలేదని వార్నర్ తరువాత అన్నాడు. సెప్టెంబరులో ఆట దుబాయిలో తిరిగి మొదలయ్యాక రెండు ఆటలలో 0, 2 చేసి మళ్లీ పక్కకు పోయాడు. జట్టు చిట్టచివరి స్థానంలో నిలిచింది. నవంబరులో అదే వార్నర్ 289 పరుగులతో టీ20 ప్రపంచకప్ ఉత్తమ ఆటగాడయ్యాడు, ఆస్ట్రేలియా కప్పు గెలిచింది. ఆనాడు మా వీధిలో టపాకాయలు కాల్చారు. ఆస్ట్రేలియా గెలుపుకు పానగల్‌లో టపాకాయలు!

కారణం చెప్పకుండా తొలగించడమనేది ప్రభుత్వోద్యోగులకు కొత్త కాదు. చాలా ఏళ్ల క్రిందట ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐదేళ్లు పనిచేసిన తరువాత నాకు ఒక సాయంత్రం బదిలీ ఉత్తర్వు అందింది. ‘పరిపాలనా సౌలభ్యం’ అన్న రెండు మాటలు తప్ప అందులో కారణం లేదు. మరునాడే రిలీవ్ కావాలి. పొద్దున్నే ఊరివాళ్లు ఆస్పత్రి ముందు చేరారు, కొందరు పై అధికారులను కలవడానికి బయలుదేరారు. క్షయకు మందులు సగం వరకు వాడిన ఒక అవ్వ మాత్రం ఎవరినీ తిట్టలేదు. ‘నువ్వు పోతే పో బిడ్డా, నా గోలీలు ఎవరిస్తరో చెప్పి పో’ అన్నది. ఆ తరువాత వచ్చిన డాక్టరు నాకంటే చేయి తిరిగినవాడు, శస్త్రచికిత్సలో దిట్ట. అయినా జనం ఆరు నెలలదాకా ఆయన దగ్గరకు సరిగా పోలేదు. వివరణ లేని తొలగింపు భారం వచ్చినవాని మీదనే పడుతుంది. విలియమ్సన్ ఆ సెలవు దినాలలో ఎంత భారం మోశాడో నేను ఊహించగలను. అతణ్ణి దూషిస్తూ వ్రాసిన కొన్ని వ్రాతలు మా మనుమడు చూపించాడు. అవి నాకు నచ్చలేదు.

పంతులుగారి ఏడుపు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. తమ్ముని కోసం ఏడ్వడానికి ఆయనకు సందు దొరకలేదు. శవం లేదు, పదకొండో దినాన వచ్చే బంధువులు లేరు, భుజం మీద వేసే చేయి లేదు. వార్నర్ వార్త వచ్చేసరికి లోపలిది బయటికి వచ్చింది. దుఃఖం ఇట్లా దారి మార్చుకొని రావడం వైద్యులు తరచుగా చూస్తారు. మీ ఇంట్లో ఒక పెద్దాయన ఆట గురించి, సీరియల్ గురించి, తప్పిపోయిన కుక్క గురించి అతిగా కన్నీరు పెట్టుకొంటే నవ్వకండి. ఆ మధ్యకాలంలో ఆయన కోల్పోయినది ఏమిటో ఒకసారి అడగండి. ఆకలి, నిద్ర రెండు వారాలకు మించి చెడితే మానసిక వైద్యునికి చూపించండి.

2022 మే 5న వార్నర్ ఢిల్లీ జట్టు తరఫున హైదరాబాదు మీదనే అజేయంగా 92 పరుగులు చేశాడు. ఆ రాత్రి పంతులుగారు ఎవరి పక్షమో నాకు చెప్పలేదు, అడిగితే నవ్వాడు. ఇప్పుడు ఆయన ఆట ఉన్న రోజున రక్తపోటు మాత్ర సాయంత్రమే వేసుకొని కూర్చుంటాడు. ఆఖరి ఓవర్లకు ముందు లేచి ఇంటి ముందు రెండుసార్లు తిరుగుతాడు. గుండెజబ్బు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారందరికీ నేను చెప్పేదీ ఇదే. మాత్రల వేళ ఆట కోసం మార్చకండి. పొగ, మద్యం, ఉప్పు పల్లీలు ఆటతో కలపకండి. రాత్రి పన్నెండు దాటితే ఫలితం ఉదయం తెలుసుకోవచ్చు. ఛాతీలో బరువు, ఎడమ చేయి లేక దవడ లాగడం, అకారణంగా చెమట, ఆయాసం పది నిమిషాలకు మించి ఉంటే, అది ఎంత ఉత్కంఠభరితమైన ఓవరైనా సరే, సోడా, జీలకర్ర నీళ్లు అంటూ కాలయాపన చేయక 108కి ఫోను చేయండి. సొంతంగా మోటారు సైకిలు మీద బయలుదేరకండి. మీరు వాడే మందుల చీటీ, పాత ఈసీజీ కాగితం చొక్కా జేబులో పెట్టుకొని వెళ్లండి.