ఇగ్బో వాళ్ళ పేర్లు, మన పెంటమ్మలు

మొన్నామధ్య ఆఫీసులో ఓ అప్లికేషన్ టెస్టింగ్ కోసం పొడుగు పేర్లు కావాల్సొచ్చి వెతుకుతుంటే, నైజీరియాలోని ఇగ్బో వాళ్ళ పేర్లు తగిలాయి. పనైపోయింది గానీ ఆ పేర్లు మాత్రం నన్ను వదల్లేదు. చాలా పేర్లు విప్పి చూస్తే పూర్తి వాక్యాలే!

'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958) రాసిన చినువా అచెబె తెలుసు కదా. చినువా అన్నది పేరులో ముక్క మాత్రమే. పూర్తి పేరు చినువాలుమోగు, అంటే 'నా చి నా తరఫున పోరాడుగాక' అని. ఇగ్బో వాళ్ళ నమ్మకంలో 'చి' అంటే ప్రతి మనిషికీ విడిగా ఉండే దేవుడు. రచయిత్రి చిమమాండ అదీచీ పేరుకి 'నా దేవుడు కూలిపోడు' అని అర్థం. ఆవిడ రెండో పేరు న్గోజి అంటే దీవెన.

అన్ని పేర్లూ ప్రార్థనలే అనుకోకండి. ఇగ్బో వారానికి నాలుగే రోజులు: ఎకె, ఒరియె, అఫొ, న్క్వో. సంతలు కూడా ఈ లెక్క ప్రకారమే. న్క్వో నాడు పుట్టిన మగపిల్లాడు ఒకొంక్వో, ఎకె నాడు పుడితే ఒకెకె. 1996 ఒలింపిక్స్ లో నైజీరియాకి ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిన జట్టు కెప్టెన్ న్వాంక్వో కాను పేరుకి 'న్క్వో నాటి బిడ్డ' అనే అర్థం. మన సోమయ్య, మంగమ్మల్లాగే అన్నమాట.

తాత పోయాక మనవడు పుడితే న్నమ్‌డి, అంటే 'నాన్న బతికే ఉన్నాడు' అని పెడతారు. పెద్దాయనే మళ్ళీ వచ్చాడని నమ్మకం. మన ఇళ్ళల్లోనూ తాత పేరు పెట్టుకున్న పిల్లాణ్ణి కోడలు పేరు పెట్టి పిలవలేక 'బాబూ' అనడం చూశాం కదా.

నన్ను బాగా పట్టుకున్నవి మాత్రం చావు పేర్లు. అచెబె నవలలో ఎక్వెఫి అనే తల్లికి పదిమంది పుడితే తొమ్మిదిమంది పోతారు. పుట్టిన బిడ్డే మళ్ళీ మళ్ళీ పుట్టి చస్తోందని, దాన్ని 'ఒగ్బాంజె' అనీ వాళ్ళ నమ్మకం. ఆమె ఒక బిడ్డకి ఒన్వుంబికొ అని పెడుతుంది, 'చావా, నిన్ను వేడుకుంటున్నా' అని. ఇంకో బిడ్డ ఒజొఎమెన, 'ఇంకోసారి జరక్కూడదు' అని. ఇంకొకరు ఒన్వుమ, 'చావూ, నీ ఇష్టం' అని. మూడు పేర్లు చదివితే చాలు, ఆ తల్లి ఎలా అలిసిపోయిందో తెలుస్తుంది.

ఇది చదివాక మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పేరు పెంటమ్మ. ఆవిడకి ముందు ముగ్గురు పోయారట. నాలుగో బిడ్డని పెంటకుప్ప మీద పెట్టి తెచ్చి ఆ పేరు పెట్టారు. మన భిక్షమయ్యలు, పుల్లమ్మలు కూడా ఇలాంటి వాళ్ళే. ఇగ్బో తల్లి చావుతో మొహం మీదే మాట్లాడింది. మనవాళ్ళేమో 'ఇది పనికిరాని పిల్ల, నీకెందుకు' అని దాన్ని మోసం చెయ్యాలని చూశారు. భయం మాత్రం ఒక్కటే.

మా అక్క పెళ్ళి శుభలేఖలో ఆవిడ పేరు 'పద్మావతి' అని వేయించారు. పెంటమ్మ అంటే నామోషీ అట! ఆవిడ ఏమీ అనలేదు.

ఇక్కడే నాకు ఇగ్బో వాళ్ళు నచ్చారు. అచెబెకి బాప్తిజంలో ఆల్బర్ట్ అని పేరు పెడితే, యూనివర్సిటీకి వెళ్ళాక దాన్ని వదిలేశాడు. తర్వాత నైజీరియా మొదటి ప్రెసిడెంటు అయిన న్నమ్‌డి అజికివె 1934లో 'బెంజమిన్' ని తీసేశాడు. నలుగురిలో గొప్పగా వినిపించే పేరుని వదిలి ఇంట్లోవాళ్ళ మాటని ఉంచుకున్నారు.

ఈ రోజుల్లో ఎవరూ పెంటమ్మ అని పెట్టక్కర్లేదు. పిల్లలు బతుకుతున్నారు, సంతోషం. కానీ ఉన్న పెంటమ్మని పద్మావతి చెయ్యడం ఎందుకు? ఆ పేరులో మా ముత్తవ్వ మూడుసార్లు ఏడ్చిన ఏడుపుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పేరున్న పెద్దవాళ్ళుంటే, అది ఎందుకు పెట్టారో ఒకసారి అడగండి. చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.