అంగుళాల లెక్క, అక్షరాల లెక్క

మానిటర్ కొందామని షాపుకెళ్తే మొదట ఎదురయ్యే ప్రశ్న “ఎన్ని అంగుళాలది కావాలండీ?” ఆ తర్వాత ధర, ఆ పైన ఈఎంఐ. దాని మీద ఏం చదువుతారు, దాన్ని దేనికి తగిలిస్తారు అన్న ప్రశ్నలు ఈ వరసలో ఎక్కడా రావు. టీవీని అంగుళాలతో మొదలుపెట్టి కొన్నా పెద్ద నష్టం లేదు. హాల్లో ఆ గోడకున్నదాన్ని ఈ గోడ దగ్గర కూర్చుని చూస్తాం. మానిటర్ అలాంటిది కాదు. మూరన్నర దూరంలో కూర్చుని పొద్దస్తమానం అక్షరాలు చదివే తెర అది. అందుకే పెద్ద మానిటర్‌ను షాపు నేర్పే వరసలో కాక తలకిందుల వరసలో ఎంచుకోవాలన్నది నా వాదన. ముందు కన్ను, తర్వాత కంప్యూటర్‌కున్న పోర్టు, ఆ తర్వాత కేబుల్, అన్నిటికన్నా చివర తెర.

కంటి సంగతి చూద్దాం. అంగుళాలు తెర ఎంత పెద్దదో చెబుతాయి గాని, దాని మీద అక్షరం ఎంత తేటగా ఉంటుందో చెప్పవు. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. తెర 24 అంగుళాలదైనా 32 అంగుళాలదైనా చుక్కలు అవే. 24 అంగుళాల తెర మీద అంగుళానికి 92 పడతాయి, 27 మీద 82, 32 మీదికొచ్చేసరికి 69. డబ్బు పెట్టినకొద్దీ అక్షరం లావవుతుందే తప్ప తేటపడదు. 4కె తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలుంటాయి. 27 అంగుళాల్లో అంగుళానికి 163, 32లో 138 అన్నమాట. మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు తేడాను పట్టగలదు. 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే అది అంగుళానికి సుమారు 145 చుక్కలతో సమానం. ఆ హద్దును 27 అంగుళాల 4కె దాటేస్తుంది, 32 అంగుళాలది దాదాపు అందుకుంటుంది. అంతకు మించి పెద్ద తెర కావాలనుకునేవాళ్ళు కుర్చీ కూడా వెనక్కి జరుపుకోవాలి.

ఈ లెక్క తెలుగు చదివేవాళ్ళకు మరీ ముఖ్యం. విండోస్ మెనూల్లో అక్షరం సైజు మామూలుగా 9 పాయింట్లు. స్కేలింగ్ (అక్షరాలను పెద్దవి చేసి చూపే సెట్టింగు) పెంచని తెర మీద దానికి దక్కే ఎత్తు 12 చుక్కలు. ఇంగ్లీషు అక్షరాలు ఆ ఎత్తులో ఇబ్బంది లేకుండా ఇమిడిపోతాయి. అదే ‘స్త్రీ’ అని రాయాలంటే సకారం, నెత్తిన గుడిదీర్ఘం, కింద తావత్తు, దానితోపాటు రావత్తు, అన్నీ ఆ కొద్దిపాటి చోట్లోనే సర్దాలి. ‘ధ’ కింది చీలికకో, ‘థ’ కడుపులోని చుక్కకో మిగిలేది ఒక్క చుక్క, అదీ సగం బూడిద రంగులో. అర్థమో అర్ధమో తేల్చుకోవడానికి ప్రూఫు దిద్దేవాళ్ళు తెరకు ముక్కు ఆనించేది అందుకే. అదే అక్షరాన్ని 4కె తెర మీద 18 చుక్కల ఎత్తులో గీస్తే పొట్టలోని చుక్క పొట్టలోనే కనబడుతుంది.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. 4కె పెడితే అక్షరాలు చీమల్లా అయిపోతాయి, వాటిని మళ్ళీ 150 శాతానికి పెంచుకోవాలి; పెంచాక 2560×1440 తెర మీద పట్టేంతే పడుతుంది, మరి ఎక్కువ డబ్బు దేనికి? పట్టే సరుకు అంతేనన్నది నిజమే. కాని అంతే సైజు అక్షరాన్ని గీయడానికి రెండున్నర రెట్లకు కాస్త తక్కువ, అంటే 2.25 రెట్లు చుక్కలు వాడుతున్నాం. మనం కొన్నది చోటు కాదు, తేటదనం. అభ్యంతరంలో ఒప్పుకోవలసిన భాగం వేరే ఉంది. స్కేలింగ్ సంగతి తెలియని పాత సాఫ్ట్‌వేర్‌ను విండోస్ బొమ్మను సాగదీసినట్టు సాగదీస్తుంది, దాంతో అక్షరాలు మసకబారతాయి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో పేజీలు కట్టే డీటీపీ సెంటర్‌కు 4కె వల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడ 27 అంగుళాల 2560×1440 తెరను స్కేలింగ్ లేకుండా వాడుకోవడమే మేలు. అంగుళానికి 109 చుక్కలు, పాత సాఫ్ట్‌వేర్‌తో పేచీ ఉండదు.

ఇక పోర్టు. 4కె తెరలో 83 లక్షల చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు పంపాలంటే సెకనుకు దాదాపు 1,200 కోట్ల బిట్లు. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 మొత్తం మోయగలిగింది 1,020 కోట్లు, అందులోనూ కొంత ప్యాకింగుకే పోతుంది. అందుకని దాని మీద 4కె బొమ్మ సెకనుకు 30 సార్లే వస్తుంది. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0, అంతకు ముందే 2010లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయితే 60 సార్లు పంపగలవు. చిక్కేమిటంటే, చాలని పోర్టుకు తగిలించినా తెర వెలగకుండా పోదు. బొమ్మ వస్తుంది, రంగులూ బాగుంటాయి. మౌస్ బాణం మాత్రం చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, పేజీ జరిపితే వరసలు కుదుపుతాయి. కొన్నవాళ్ళు దాన్ని మానిటర్ లోపమనుకుంటారు. యూఎస్‌బీ-సి దగ్గర ఇంకో మెలిక. ఆ రంధ్రమున్న ప్రతి ల్యాప్‌టాప్ బొమ్మను బయటికి పంపదు. కొన్నిటిలో అది డేటాకూ ఛార్జింగ్‌కూ మాత్రమే. పంపేదైనా, మధ్యలో హబ్ పెట్టి పెన్‌డ్రైవ్‌లకు కూడా వేగం కావాలంటే, ఉన్న నాలుగు దారుల్లో రెండు డేటాకు పోతాయి. చౌక హబ్‌ల డబ్బాల మీద ‘4కె’ పెద్దక్షరాల్లోనూ ‘30 హెర్ట్జ్’ (అంటే సెకనుకు 30 సార్లు) చిన్నక్షరాల్లోనూ ఉండేది అందుకే.

తెర ముందు పరుగెత్తడం, తీగ వెనకబడడం కొత్త సంగతేమీ కాదు. 2001లోనే ఐబీఎం టీ220 అనే మానిటర్ తెచ్చింది. 22 అంగుళాల పైచిలుకు తెర, 3840×2400 చుక్కలు, అంగుళానికి 204. నేటికీ చాలా మానిటర్లకు లేని సాంద్రత అది. కాని ఆనాటి డీవీఐ తీగ ఒక్కటే తగిలిస్తే బొమ్మ సెకనుకు 13 సార్లే మారేది. నాలుగు తగిలిస్తే 41కి చేరేది. పన్నెండేళ్ళ తర్వాత వచ్చిన తొలి 4కె మానిటర్లలో కొన్ని 60 హెర్ట్జ్ అందుకోవడానికి తమను రెండు సగం తెరలుగా కంప్యూటర్‌కు చూపించుకోవలసి వచ్చింది. గాజు తయారుచేయడం ఎప్పుడో చేతనైంది. దాన్ని నింపడమే ప్రతిసారీ ఆలస్యమవుతోంది.

ఇక కేబుల్. ఖరీదైన కేబుల్ అన్నది అమ్మేవాళ్ళ ఎత్తుగడ అంటారు కొందరు. సగం నిజం. బంగారు పూత వల్ల రంగు రాదు. డిజిటల్ సంకేతం సరిగ్గా చేరితే రెండు వందల కేబుల్‌కూ రెండు వేల కేబుల్‌కూ బొమ్మలో తేడా ఉండదు. కాని చేరకపోతే తెర ఉండుండి నల్లబడుతుంది, మిణుగురుల్లాంటి చుక్కలు మెరుస్తాయి. చూడవలసింది ధర కాదు, సర్టిఫికెట్ లేబుల్: 4కె, 60 హెర్ట్జ్‌కు ‘ప్రీమియం హైస్పీడ్’, అంతకు మించితే ‘అల్ట్రా హైస్పీడ్’. మానిటర్ డబ్బా మీది ‘హెచ్‌డీఎంఐ 2.1’ అన్న మాటనూ పూర్తిగా నమ్మక్కర్లేదు. ఆ పేరు పెట్టుకోవడానికి పూర్తి వేగం ఉండాలన్న నిబంధన లేదు.

అదే ధరకు 43 అంగుళాల 4కె టీవీ వస్తుంది కదా, దాన్నే బల్ల మీద పెట్టుకుంటే పోలేదా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. సినిమాలకైతే పోతుంది. అక్షరాలకు వచ్చేసరికి 43 అంగుళాల్లో 4కె అంటే అంగుళానికి 102 చుక్కలే. పేరు 4కె, సాంద్రత మామూలు మానిటర్‌ది. పైగా వీడియో కోసం చేసిన టీవీలు కొన్ని సెట్టింగుల్లో నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు సమాచారం తీసుకుంటాయి. సినిమాలో అది కంటికి ఆనదు, నల్లటి నేల మీది ఎర్ర అక్షరాల అంచులు మాత్రం అలుక్కుపోతాయి. పీసీ మోడ్ ఉన్న టీవీ అయితే ఈ రెండో దోషం పోతుంది, మొదటిది ఎక్కడికీ పోదు.

ఈ తలకిందుల వరసకు ఇంకో లాభం ఉంది: అది ప్రతివాళ్ళనూ ఖరీదైన తెర వైపు తోయదు. ఇంట్లో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే ఉన్న పాత ల్యాప్‌టాప్ అయి, ఇప్పట్లో దాన్ని మార్చే ఆలోచన లేకపోతే, 2560×1440 తెరే సరైన కొనుగోలు. దాని 37 లక్షల చుక్కలను ఆ పోర్టు 60 సార్లు హాయిగా పంపుతుంది. 4కె కొని 30తో నెట్టుకురావడం కన్నా అది నయం, డబ్బూ మిగులుతుంది. పోర్టు బలంగా ఉండి, రోజంతా తెలుగు చదివే పనైతే 27 అంగుళాల 4కెకు పెట్టే ప్రతి రూపాయీ అక్షరం మీద కనబడుతుంది. ఏది కొన్నా తగిలించిన రోజే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూడాలి. రిజల్యూషన్ పక్కన రిఫ్రెష్ రేటు 60 లేకపోతే తెరను తిట్టే ముందు కేబుల్ మార్చి చూడండి, తర్వాత హబ్ తీసి చూడండి. వాపసు గడువు ఉండగానే ఈ పని చేయాలి. గడువు దాటాక తప్పు ఎవరిదో తేలినా షాపువాడు తీసుకోడు.