విజయవాడ ఏఆర్‌టీ కేంద్రం: మందుల చికిత్సలో ఫోను పాత్ర

విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రాన్ని, అంటే హెచ్ఐవీని శరీరంలో అదుపులో ఉంచే మందులు ఉచితంగా ఇచ్చే విభాగాన్ని, సందర్శించేవారు వైద్యుడి గదితో పాటు కౌన్సెలర్ బల్లనూ, డేటా మేనేజర్ కంప్యూటర్‌నూ శ్రద్ధగా గమనించాలి. ఈ మందులు జీవితాంతం, ఒక్క రోజూ మానకుండా వేసుకోవలసినవి కనుక, చికిత్స ఎవరికి సాగుతోందో, ఎవరికి తెగిపోతోందో ముందుగా తెలిసేది అక్కడే. దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. 2021 జాతీయ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 3.21 లక్షలు.

ఒకప్పుడు కాగితపు రిజిస్టర్లకే పరిమితమైన చికిత్స వివరాలను ఇప్పుడు ‘సోచ్’ అనే జాతీయ సమాచార వ్యవస్థలో నమోదు చేస్తున్నారు. మందులు తీసుకెళ్లవలసిన గడువు దాటినా రానివారిని గుర్తించడం దీనివల్ల తేలికవుతుంది గాని, ఆ తర్వాత చేయవలసిన ఫోనే అసలు కష్టం. నాగాయలంక వైపో కైకలూరు వైపో ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట దాన్ని అత్తగారు ఎత్తవచ్చు, పిల్లలు ఎత్తవచ్చు. కూలికి ఊరు దాటినవారి నంబరే మారిపోవచ్చు. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం సమ్మతి లేనిదే ఎవరి స్థితినీ వెల్లడించరాదనీ, ఆ సమాచారాన్ని తన వద్ద ఉంచుకునే సంస్థ దానికి రక్షణ కల్పించాలనీ నిర్దేశిస్తోంది. అందుచేత సందేశంలో జబ్బు పేరు గాని, మందు పేరు గాని, కేంద్రం పేరు గాని ఉండకూడదు. ఏ వేళకు చేయాలో, ఎవరు ఎత్తితే ఏమనాలో ఆ మనిషినే ముందుగా అడిగి రాసుకోవాలి.

ఈ విషయంలో రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూడటం అవసరం. కెన్యాలో వారానికోసారి బాగోగులు అడిగే చిన్న సందేశం పంపి, ఇబ్బంది ఉందన్నవారికి వైద్య సిబ్బంది స్వయంగా ఫోన్ చేసినప్పుడు మందులు క్రమంగా వాడటం మెరుగుపడిందని 2010లో వెల్లడైంది. దక్షిణ భారతంలో 631 మందిపై జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, యంత్రం చేసే వారపు కాల్, బొమ్మ సందేశం రెండేళ్లలో చెప్పుకోదగిన తేడా తేలేదు. దేశాలూ పద్ధతులూ వేరు కనుక తీర్పు తొందరపడి చెప్పరాదు. అయినా జవాబు విని కదిలే మనిషి ఉండటమే ఇక్కడ ప్రధానమని తోస్తుంది. అటువంటి మనుషులు విజయవాడకు కొత్త కాదు: 1969లో ఏర్పడిన వాసవ్య మహిళా మండలి హెచ్ఐవీ ఉన్న కుటుంబాలకు ఇంటివద్దే సంరక్షణ అందించింది.

గడువు దాటినప్పుడే ఫోను మోగితే అది మందలింపుగానే వినిపిస్తుంది; మంచి వార్తకూ అది మోగాలి. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడని స్థాయికి తగ్గి అలాగే నిలిస్తే, లైంగిక సంబంధం ద్వారా అది భాగస్వామికి సోకదు. ఆ ఫలితం వచ్చిన రోజునా కేంద్రం నుంచి కాల్ వెళ్లాలి.