తండ్రి లేక సంరక్షకుని సంతకం

లోకంలో ఏ కోర్టూ తన తీర్పును ముద్దాయి చేతికే ఇచ్చి, ఇంటికి తీసుకెళ్ళి పెద్దవాళ్ళకు చూపించి, సంతకం పెట్టించుకుని రమ్మనదు. బడి మాత్రం అనేది. ఆ తీర్పు పేరు ప్రోగ్రెస్ కార్డు.

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో అది గులాబీరంగు అట్ట. మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. పైన బడి పేరు, ముద్రలో సగమే పడిన రబ్బరు స్టాంపు. లోపల అడ్డంగా తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషలు. నిలువునా యూనిట్ టెస్టులు, క్వార్టర్లీ, హాఫియర్లీ, యాన్యువల్. ముప్పై అయిదు దాటితే నీలం సిరా, దాటకపోతే అంకె కింద ఎర్ర గీత. హిందీకి మాత్రం ప్రభుత్వంవారు దయతలచి ఇరవై వస్తే చాలన్నారు. ఆ ఇరవై పుణ్యమా అని మా ఊళ్ళో అందరూ హిందీ గట్టెక్కారు గానీ, ఢిల్లీ రైలెక్కి బల్లార్షా దాటాక ఒక్కరికీ నోరు పెగల్లేదు.

కింద ఇంకొన్ని గడులుండేవి. పనిదినాలు, హాజరైన దినాలు, ర్యాంకు, ప్రవర్తన. ప్రవర్తన అందరికీ 'తృప్తికరం'. పొద్దున్నే బెంచీ ఎక్కి, సాయంత్రం దాకా దిగనివాడికి కూడా తృప్తికరమే. అన్నిటికంటే అడుగున, చుక్కల గీత మీద, తండ్రి లేక సంరక్షకుని సంతకం.

క్వార్టర్లీ పరీక్షలు దసరా సెలవులకు ముందు అయిపోయేవి. పేపర్లు మాత్రం సెలవుల తర్వాత ఇచ్చేవారు. హాఫియర్లీ సంగతీ అంతే, సంక్రాంతి వెళ్ళేదాకా తేలేది కాదు. అంచేత మా పండగలన్నీ బెయిలు మీద గడిచేవి. గంగిరెద్దులాట చూస్తున్నా, అరిసె కొరుకుతున్నా, మనసులో ఓ మూల లెక్కల పేపరు రెపరెపలాడుతూనే ఉండేది.

పేపర్లిచ్చే రోజున మాస్టర్ల పద్ధతులు వేరువేరు. లెక్కల మాస్టారు కట్టకున్న పురికొస తాపీగా విప్పి, తక్కువ మార్కులవాడితో మొదలుపెట్టేవారు. మన పేరు ఎంత ఆలస్యమైతే అంత లాభం. సోషల్ మాస్టారు పైనుంచి కిందికి వచ్చేవారు. అక్కడ ఒక్కో పేరు పిలుస్తున్నకొద్దీ ఆశ ఒక్కో మెట్టు దిగేది. రెండింటిలో ఏది మేలని ఇప్పుడడిగినా చెప్పలేను. పేపరు చేతికి రాగానే అందరం గొప్ప ఆడిటర్లమైపోయేవాళ్ళం. 'సార్, నాలుగో ప్రశ్నకి రెండు మార్కులు కలపలేదండీ' అంటూ బల్ల చుట్టూ మూగేవాళ్ళం. పరీక్షలో కుదరని కూడికలు అప్పుడు చక్కగా కుదిరేవి.

ఆ మర్నాడో మూడోనాడో కార్డు చేతికొచ్చేది. బడికీ ఇంటికీ మధ్య కాలవ గట్టు మీదుగా మైలు దూరం. మామూలు రోజుల్లో పరుగెత్తే ఆ మైలు, కార్డు సంచిలో ఉన్న రోజున ఎంతకీ తరిగేది కాదు. వాదనలన్నీ అక్కడే తయారయ్యేవి. 'పేపరు చాలా టఫ్ నాన్నా' అన్నది మొదటిది. 'క్లాసులో హయ్యెస్టే యాభై రెండు' అన్నది రెండోది. 'వాడికి నాకన్నా తక్కువొచ్చాయి' అన్నది మాత్రం చేతకానివాళ్ళ వాదన. దానికి 'వాడి సంగతి నీకెందుకురా, నీ సంగతి చెప్పు' అనే జవాబు ఇంటింటా సిద్ధంగా ఉండేది. ఇంకో వారం ఆగితే ఆ నాన్నే 'వాణ్ణి చూడు, వాడికెన్నొచ్చాయో' అనేవాడనుకోండి, అది వేరే సంగతి.

వాదన తయారయ్యాక ముహూర్తం చూసుకోవాలి. కాఫీకి ముందు పనికిరాదు. ధాన్యం డబ్బు చేతికొచ్చిన సాయంత్రమైతే శ్రేష్ఠం. చుట్టాలున్నప్పుడు చూపిస్తే నాన్న తిట్టడు గానీ, ఆ చుట్టాలే కార్డు లాక్కుని లెక్కల దగ్గర వేలు పెడతారు. అమ్మకు ముందు చూపిస్తే సగం గండం గడిచినట్టే. 'పిల్లవాడికి జ్వరమొచ్చింది కదండీ పరీక్షలప్పుడు' అని, రాని జ్వరాన్ని కూడా ఆవిడ సాక్ష్యంలో ప్రవేశపెట్టేది.

మా తరగతిలో ఒకడు ఇంత బాధ ఎందుకని నాన్న సంతకం దించడం నేర్చుకున్నాడు. వాళ్ళ నాన్నకు సంతకం అంతంతమాత్రం, వీడి దస్తూరీ ముత్యాలకోవ. సంతకం మరీ అందంగా ఉండటంతో మాస్టారు ఇట్టే పట్టేశారు.

సంతకం రాని తండ్రులూ చాలామంది ఉండేవారు. వాళ్ళ పిల్లలు హెడ్మాస్టరు గదిలోని స్టాంపు ప్యాడ్ మీద అట్టముక్క అద్ది, ఆ సిరా ఇంటికి మోసుకెళ్ళి, నాన్న బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించుకొచ్చేవారు. మా తరగతిలో ఒకమ్మాయి ఇంట్లో అక్షరం ముక్క వచ్చింది తనొక్కదానికే. కార్డు చదివి వినిపించేదీ తనే. ముప్పైని అరవై అని చదివినా అడిగేవాళ్ళు లేరు. అయినా ఎర్ర గీతలతో సహా ఉన్నదున్నట్టు చదివేదట. 'మరి తిట్టరా?' అని అడిగితే, 'మా నాయన మార్కులు అడగడు, రేపు బళ్ళోకి పోతావా అని అడుగుతాడు' అంది.

ఆ మాట లోతు నాకు కార్డులోని ఇంకో గడి చూస్తేనే తెలిసింది. మార్కుల కోసం కొట్లాడే మేమెవ్వరం హాజరు గడి వంక చూసేవాళ్ళం కాదు. అన్ని గడుల్లోకీ నిజం చెప్పింది అదే. పత్తి తీసే రోజులు వస్తే కొందరి హాజరు సగానికి సగం పడిపోయేది. మిరపకాయ కోతలప్పుడు ఆడపిల్లల బెంచీలు ఖాళీ అయ్యేవి. చంటి తమ్ముణ్ణి చూసుకోవాలని మానేసినవాళ్ళూ, అమ్మకు ఒంట్లో బాగాలేదని పొయ్యి ముట్టించినవాళ్ళూ, బడిలో మరుగుదొడ్డి లేక నెలకు కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళూ అందరూ ఆ ఒక్క అంకెలో ఇమిడిపోయేవారు. నూరు పనిదినాల్లో యాభై రోజులు వచ్చి నలభై మార్కులు తెచ్చుకున్న పిల్లకు, రోజూ వచ్చి యాభై తెచ్చుకున్నవాడికంటే కింది ర్యాంకు. ఆ లెక్క సరిచూడమని ఆడిటర్లమైన మాలో ఒక్కడూ బల్ల దగ్గరికి వెళ్ళలేదు.

జ్ఞాపకాలకు తీపి పూయడం తేలిక కాబట్టి దెబ్బల సంగతీ చెప్పుకోవాలి. గోడకుర్చీ వేయించడం, వేళ్ళ మధ్య పెన్సిలు పెట్టి నొక్కడం, కానుగ బరికెతో అరచేతులు వాయించడం చదువులో భాగమనే అందరూ అనుకునేవారు. 'కళ్ళు రెండూ వదిలేసి తోలు వలిచెయ్యండి మాస్టారూ' అని తండ్రులే అప్పగించి వెళ్ళేవారు. కార్డు చేతికొచ్చిన రోజున బడిలో ఒకసారీ, ఇంట్లో ఇంకోసారీ, ఒకే నేరానికి రెండు శిక్షలు. పిల్లల్ని కొట్టడం తప్పని రాసుకున్న విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చేసరికి మా తరం తన పిల్లల కార్డుల మీద సంతకాలు పెడుతోంది.

పదో తరగతికి వచ్చేసరికి సంగతి ఇల్లు దాటి ఊరిదయ్యేది. పదకొండు పేపర్లు, ఆరువందల మార్కులు. ఫలితాల రోజున దినపత్రికలో సన్నటి అచ్చుతో నంబర్లు వేసేవారు. మొదటి బస్సుకు పేపరు దిగేది. కిళ్ళీకొట్టు దగ్గర ఒకడు వేలుపెట్టి వెతుకుతుంటే పదిమంది వాడి భుజాల మీదుగా తొంగిచూసేవారు. నంబరుంటే చాక్లెట్లు, లేకపోతే ఊరంతా 'పోన్లేరా, సెప్టెంబరు పరీక్షలున్నాయి కదా' అని ఓదార్పు. ఆ ఓదార్పు ఓటమికన్నా ఎక్కువ బాధించేది.

తర్వాత చాలా మారాయి. గ్రేడ్లొచ్చాయి, మళ్ళీ మార్కులొచ్చాయి. పేపర్ల సంఖ్య పదకొండు నుంచి తగ్గింది. యూనిట్ టెస్టులూ క్వార్టర్లీలూ పోయి ఫార్మెటివ్, సమ్మెటివ్ అసెస్‌మెంట్లు, అంటే ఎఫ్ఏలూ ఎస్ఏలూ వచ్చాయి. కరోనా కాలంలో 2020లోనూ 2021లోనూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పిల్లలు పరీక్షలు పూర్తికాకుండానే పాసయ్యారు. 2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు ప్రభుత్వంవారి 'మన మిత్ర' వాట్సాప్ సేవలో చేతిలోకే వచ్చేశాయి. ఇక మామూలు పరీక్షల మార్కులైతే, స్కూలు వ్యాను సందు మలుపు తిరక్కముందే అమ్మ ఫోన్లో ఠంగుమంటున్నాయి. పిల్లవాడు చెప్పులు విడవకముందే ఇంట్లో విచారణ ముగిసి ఉంటుంది. వాడికి కాలవ గట్టూ లేదు, ముహూర్తం చూసుకునే వ్యవధీ లేదు. ఫలితాల రోజులు అన్నిసార్లూ నవ్వుకునేవి కావు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఎవరి బాధ ఏమిటో బయటివాళ్ళం తేల్చలేం. మార్కుకూ మాటకూ మధ్య పిల్లలకు కాస్త ఊపిరి తీసుకునే చోటుండాలని మాత్రం అనగలం.

పిల్లలకు ఆ చోటు లేకుండా పోవడం ఫోను చేసిన పాపమేనని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకాన్ని మా లెక్కల మాస్టారు చెడగొట్టారు. రిటైరై, పళ్ళు కట్టించుకుని, మనవరాలి పెళ్ళిలో కులాసాగా కూర్చున్న ఆయన్ని కార్డుల సంగతి కదిపితే పకపకా నవ్వారు. 'ఒరే, మీ నాన్నా నేనూ రోజూ పొద్దున్నే ఒకే హోటల్లో కాఫీ తాగేవాళ్ళం. పేపర్లు దిద్దిన మర్నాడే నీ మార్కులు ఆయనకి చెప్పేసేవాణ్ణి. కార్డు మీ చేతికిచ్చేది ఆ తర్వాత కదా!' అన్నారు.

అంటే మైలు పొడుగునా నేను అల్లిన వాదనలన్నీ, వార్త తెలిసిన మనిషి ముందు వినిపించాను. నాన్న మాత్రం కళ్ళజోడు సవరించుకుని, కార్డు వెలుతురుకు పట్టి, అప్పుడే చూస్తున్నట్టు ఒక్కో సబ్జెక్టూ చదివేవాడు. 'పేపరు టఫ్' అంటే 'అలాగా' అనేవాడు. ఎప్పుడో మానేసిన నాటకాల పిచ్చి ఆయనకు ఆ విధంగా పనికొచ్చింది.

కాబట్టి ఇప్పటి అమ్మానాన్నలు ఫోన్లు అవతల పారెయ్యనక్కర్లేదు. మార్కులు చూడండి, చూసి ఫోను బోర్లించి పెట్టండి. పిల్లవాడు కాళ్ళు కడుక్కుని, తనంతట తను వచ్చి చెప్పేదాకా తెలియనట్టే ఉండండి. వాడు చెప్పిన సాకు సగం వినగానే అడ్డురాకండి, పాపం కష్టపడి అల్లుకొచ్చి ఉంటాడు. వాడి పక్క బెంచీలో పిల్ల ఎన్నాళ్ళు బడికి రాలేదో, ఎందుకు రాలేదో కూడా ఓసారి అడగండి. అంతా అయ్యాక తిట్టాలనే ఉంటే భోజనాలయ్యాక తిట్టండి. తిట్లు ఎక్కడికీ పోవు, కడుపు నిండాక తిట్టినా అంతే పనిచేస్తాయి.