ఆదివారం గోలీ

ఆ అబ్బాయి నా బల్ల మీద రెండు కాయితాలు పెట్టాడు. ఒకటి టాంజానియా ప్రయాణానిది. రెండోది మడతల దగ్గర చిరిగిన, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ రిపోర్టు, ఏడు నెలల కిందటిది. తాండూరులో బండల పాలిష్ మిషన్ల దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్నాడు. టాంజానియాలో మిషన్లు బిగించడానికి మూడు నెలల పని దొరికింది. వేలి గీతల్లో నాపరాయి పొడి అలాగే ఉంది.

"సారూ, ఆడ మలేరియా గోలీలు మింగాల్నంట. నేనేమో రక్తం పల్చబడే గోలీ మింగుతున్న. రెండూ కలిస్తే రక్తం కారుతదని మా దోస్తు చెప్పిండు. మలేరియాది ఇడిచిపెడ్దామనుకుంటున్న."

దోస్తు చెప్పినదాంట్లో నిజం ఉంది. ఆ నిజం నాకు నా తప్పు వల్లే తెలిసింది. ఏళ్ల కిందట, ఇతనిలాగే రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడుతున్న ఒకామెకు, మలేరియా రాకుండా కూడా ఇచ్చే డాక్సీసైక్లిన్‌ను జ్వరానికని రాశాను. వారం తిరక్కుండానే పళ్లు తోముకుంటుంటే నెత్తురు ఆగడం లేదని పరుగెత్తుకొచ్చింది. రెండు మూడు మధ్య ఉండాల్సిన ఐఎన్‌ఆర్ ఆరు దాటింది. వార్ఫరిన్ ఆపి, విటమిన్ కె ఇచ్చి నిలబెట్టాం. నేను ఆ రోజు అడగాల్సింది ఒక్క మాట: "ఇంకేం గోలీలు వాడుతున్నవమ్మా?"

ఈ అబ్బాయికి ఇరవై ఆరో ఏట ఎడమ పిక్కలో రక్తం గడ్డకట్టింది. అంతకుముందే వాళ్ల నాన్న కాలు విరిగి మంచాన పడి, ఒకరోజు ఉన్నట్టుండి ఊపిరాడక పోయాడు. పరీక్షల్లో తేలింది ప్రొటీన్ ఎస్ లోపం. రక్తం గడ్డకట్టడం మొదలయ్యాక ఎక్కడో ఆగాలి కదా, ఆ ఆపే పనిలో సాయపడే ప్రొటీన్ అది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం.

మలేరియా గోలీ మానేస్తానన్నప్పుడు నాకు గుండె ఝల్లుమంది. టాంజానియాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం మలేరియా. అది సోకితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. వార్ఫరిన్ మీద ఉన్న మనిషికి అది రెండువైపులా పదునున్న కత్తి. పాత మలేరియా మందు క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాద్‌లోనే. తాండూరు నుంచి రైలెక్కితే దారిలో తగిలే బేగంపేటలోనే ఆ భవనం ఉంది. ఇంత దగ్గర గుట్టు బయటపడిన మలేరియాను మా ఊళ్లలో ఇప్పటికీ చలిజ్వరమేలే అని కొట్టిపారేస్తుంటే బాధేస్తుంది.

ఆరు వారాలు మించిన ప్రయాణాలకు మన దేశపు మార్గదర్శకాల్లో ఉన్నది మెఫ్లోక్విన్, వారానికి ఒక్కటి. మూర్ఛలు, మానసిక సమస్యలు, గుండె లయ తేడాలు ఏవీ లేవని అడిగి తెలుసుకున్నాక అదే రాశాను. ప్రయాణానికి మూడు వారాల ముందే మొదలుపెట్టించాను. గోలీ పడకపోయినా, ఐఎన్‌ఆర్ ఎగబాకినా తాండూరులో ఉండగానే తెలియాలి. ముందు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, బయల్దేరే ముందు మరోసారి పరీక్ష. మొదట 2.4, తర్వాత 3.3. వార్ఫరిన్ కొంచెం తగ్గించాక 2.7కి దిగింది. విమానంలో కూర్చునే ఉండొద్దనీ, గంటకోసారి లేచి నడవమనీ, నీళ్లు తాగమనీ చెప్పాను. దోమతెర మరువద్దన్నాను. తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు గోలీ ఆపొద్దని చీటీ మీద పెద్దక్షరాలతో రాశాను.

నాలుగు నెలల తర్వాత వచ్చాడు. చిన్న నోటుబుక్కులో ప్రతి ఆదివారానికీ ఒక గీత. చివరి నాలుగు గీతలు తాండూరులో గీసినవే. టాంజానియాలో చేయించుకున్న ఐఎన్‌ఆర్ అంకెలు కూడా రాసుకొచ్చాడు.

నేను నోటుబుక్కు తిరిగిస్తుంటే నెమ్మదిగా అడిగాడు: "సారూ, మా తమ్ముడు గూడ మిషన్ల మీద పోతానంటుండు. ఆనికి గిట్ల పరీక్ష చెయ్యాల్నా?"

వార్ఫరిన్ వాడుతున్నవాళ్లలో ప్రొటీన్ ఎస్ ఎలాగూ తగ్గి కనిపిస్తుంది, పరీక్షను నమ్మలేం. తమ్ముడు ఇంకా ఏ మందూ ముట్టలేదు కాబట్టి అదే సరైన సమయం. ఎక్కడున్నాడని అడిగితే తలుపు వైపు చూపించాడు. బయట బెంచీ మీద, మోకాళ్ల దాకా బండ పొడితో, పందొమ్మిదేళ్ల కుర్రాడు కూర్చుని ఉన్నాడు. లోపలికి పిలిచాను.